వికలాంగులా, దివ్యాంగులా?

సందేహం: డిసెంబరు 3న, ప్రపంచ వికలాంగుల దినోత్సవం నాడు, మా అపార్ట్‌మెంట్ సంఘం చిన్న కార్యక్రమం పెడుతోంది. ఆహ్వానపత్రంలో ‘వికలాంగులు’ అని రాస్తే కొందరు తప్పన్నారు. ‘దివ్యాంగులు’, ‘విభిన్న ప్రతిభావంతులు’... వీటిలో ఏది వాడాలి?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: వ్యాకరణం మాటకొస్తే మూడూ ఒప్పే. చిక్కంతా అర్థంతోనే.

‘వికలాంగులు’ అంటే అవయవలోపం ఉన్నవారు. 2016 నాటి వైకల్యం ఉన్నవారి హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, మన ఏజెన్సీలో కనిపించే సికిల్ సెల్ జబ్బు కూడా అందులో ఉన్నాయి. వాటిలో లోపించిన అంగమేది? మాట చాలదు. ‘దివ్యాంగ’ 2015 డిసెంబరులో ప్రధాని రేడియో ప్రసంగంతో హిందీ నుంచి ప్రచారంలోకి వచ్చింది. నడవలేని కాలులో దివ్యత్వం ఏమిటని వైకల్యం ఉన్నవాళ్లే చాలామంది అడిగారు. ‘విభిన్న ప్రతిభావంతులు’ మన ప్రభుత్వ శాఖ పేరులో ఉంది, కాదనను. కానీ ర్యాంపు అడిగిన మనిషికి బిరుదిచ్చి పంపితే ఏం లాభం?

మీ పత్రంలో ‘వైకల్యం ఉన్నవారు’ అని రాయండి.

అసలు తెలుగులో దీనికి చక్కటి దారి ఎప్పటినుంచో ఉంది. మన కేజీహెచ్ ఆసుపత్రిలో సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్ల మాటలు వినండి: ‘మా నాన్నకి కళ్లు ఆనవండి’, ‘పాపకి వినపడదు’. ఆ ‘కి’ విభక్తిలో మనిషి మనిషిగానే ఉంటాడు, ఇబ్బంది విడిగా ఉంటుంది. ‘గుడ్డివాడు’, ‘కుంటిది’ అనేసరికి మనిషంతా ఆ ఒక్క లోపమే అయిపోతాడు. పేరుకు ముందు తగిలిస్తే మరీ ఘోరం: గుడ్డి అప్పన్న, కుంటి సత్యం. ‘అంధుడు’, ‘బధిరుడు’ మర్యాదగానే ఉన్నా నోట పలికే మాటలు కావు, కాగితానికే బాగుంటాయి.

‘చెవిటి మూగ’ అని జంటగా రాయడం మానేయాలి. వినపడని చాలామందికి గొంతులో ఏ లోపమూ ఉండదు, సంజ్ఞాభాషలో గలగలా మాట్లాడుకుంటారు. ‘అంధత్వంతో బాధపడుతున్న’ అన్నది పత్రికల అలవాటు. ఆయన బాధపడుతున్నాడో లేదో విలేకరికి ఎలా తెలుసు? ‘వీల్‌చైర్‌కే పరిమితమైన’ కూడా అంతే. ఆ కుర్చీ ఉండబట్టే కదా ఆయన బీచ్ రోడ్డు దాకా రాగలుగుతున్నాడు! ‘వీల్‌చైర్ వాడే’ అంటే సరిపోతుంది.

‘కుంటిసాకు’, ‘గుడ్డినమ్మకం’ సంగతా? వాటిని నిషేధించమనను. కానీ ‘సాకు’ అన్నా తిట్టు తిట్టులాగే ఉంటుంది, ‘కుంటి’ ఎందుకు?

ఒక్క మినహాయింపు. మీరు పిలిచే సంఘం తన పేరులోనే ‘వికలాంగుల’ అని పెట్టుకుని ఉంటే దాన్ని దిద్దకండి. అది వాళ్ల పేరు, ఉన్నదున్నట్టు వేయండి.