తొమ్మిది వందల సూర్యాస్తమయాలు

ప్రశ్న: నా వయసు 44. ఫోటోలు తీయడం నా వృత్తి కాదు, ఇష్టం. ఏటా సెలవులకు భార్యాబిడ్డలతో ఏదో ఒక ఉష్ణమండల సముద్రతీరానికి వెళ్తాం. అక్కడ నా సాయంత్రాలన్నీ సూర్యాస్తమయాలు తీయడంలోనే గడిచిపోతాయి. కిందటిసారి ఆఖరి రోజున నా భార్య, ‘‘ఆరు రోజుల్లో తొమ్మిది వందల ఫోటోలు తీశారు. ఒక్కదానిలోనైనా మేమున్నామా?’’ అని అడిగింది. అప్పటి నుంచి నేను కెమెరా ముట్టుకోలేదు. ఆమె కూడా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఈసారి కెమెరా ఇంట్లోనే వదిలేసి వెళ్లమంటారా?

జవాబు: వదిలేసి వెళ్లకండి. మీరు దాన్ని త్యాగం అనుకుంటారు, ఆమెకు అది శిక్షలా తోస్తుంది. ఆకాశం ఎర్రబడిన ప్రతిసారీ మీ ముఖంలో వెలితిని చూస్తూ ఆమె పక్కన కూర్చోవాలి. కెమెరా మానేయమని ఆమె అడగనేలేదు. ‘మేమున్నామా’ అని అడిగింది. దానికి మీరిచ్చిన జవాబు ఇన్నాళ్ల మౌనం. మీరు కెమెరా ముట్టకపోవడాన్ని ఆమె అలక అనుకుంటూ ఉండవచ్చు. ముందు ఆ మౌనం విప్పండి. ‘‘నువ్వన్నది నిజం. ఆ రోజు నాకు మాట రాలేదు’’ అంటే చాలు, సంజాయిషీలు వద్దు.

ఇక సమయం సంగతి. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు. బింబం అంచు నీటిని తాకింది మొదలు పూర్తిగా మునిగేదాకా రెండు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. ఆ తర్వాతి వెలుగు కూడా ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో సన్నగిల్లుతుంది. అస్తమించే వేళ ఏడాది పొడవునా పెద్దగా మారదు. అంటే మీ ఇష్టానికి నిజంగా కావలసింది రోజుకు ముప్పావు గంట. మరి సాయంత్రమంతా ఎలా పోతోంది? నాలుగింటికే చోటు వెతుక్కోవడం, మబ్బులు నిలుస్తాయో లేదో అని ఆకాశం వంకే చూడటం, రాత్రి భోజనం దగ్గర కెమెరా తెర మీద ఒక్కొక్క ఫోటో చూసి చెరిపేయడం... ఇలాగే కదూ? ఆ ముప్పావు గంటను ఏ ఇల్లాలైనా మన్నిస్తుంది. భోజనం దగ్గర తెరలోకి వంగిన తలను మన్నించడం కష్టం. చోటు చూసుకోవాలంటే అందరూ నిద్రలో ఉన్నప్పుడు పొద్దున్నే వెళ్లి రండి. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్సుకు బయటి తేమ గాలిలో మంచు పడుతుంది కాబట్టి, సంచీని అరగంట ముందే బయట పెట్టండి. తుడుచుకుంటూ హడావిడి పడే పని తప్పుతుంది. ఫోటోలు ఎంచుకోవడం, చెరపడం ఇంటికి వచ్చాక.

బింబం మునిగాక చాలామంది లేచి వెళ్లిపోతారు. మీకు తెలిసే ఉంటుంది, పైనున్న పలుచని మబ్బులకు కింద నుంచి వెలుగు తగిలి అసలు రంగు వచ్చేది తరచుగా ఆ తర్వాత పది, పదిహేను నిమిషాలకే. ఆ నడిమి సమయంలో కెమెరాను స్టాండు మీదే ఉంచి, వెళ్లి వాళ్ల పక్కన కూర్చోండి. రంగు రాకపోతే రానివ్వండి.

నేను మరీ మరీ చెప్పాలనుకుంటున్నది ఇంకొకటుంది. అస్తమయానికి ముందు కాసేపు సూర్యుడికి వీపు చేసి నిలబడండి. అంత కిందికి దిగిన సూర్యుడి వెలుగు గాలి పొరల్లో చాలా దూరం ప్రయాణించి వస్తుంది. దారిలో నీలం చెదిరిపోయి, మిగిలిన బంగారు రంగు ఇప్పుడు మీ ఎదుట ఉన్నవాళ్ల ముఖాల మీద పడుతుంది. ఆరు సాయంత్రాలూ మీరు పడమరకే తిరిగి ఉన్నందువల్ల ఆ వెలుగులో మీ భార్య ఎలా ఉంటుందో మీరు చూడనే లేదు. ఆ ఫోటో తీయండి. తర్వాత కావాలంటే మళ్లీ పడమరకు తిరిగి, కెమెరాలో వెలుగు కొలతను ఆకాశానికి సరిపెట్టి, వాళ్లను నల్లని నీడబొమ్మల్లా పెట్టి తీయవచ్చు. అయితే రెండు నిమిషాలే. అటు జరగండి, ఇటు చూడండి అంటూ అరగంట నిలబెట్టారంటే మళ్లీ మొదటికే వస్తుంది.

ఒక సాయంత్రం కెమెరా పిల్లల చేతికివ్వండి. వెనక తెర మీద చూసి తీయమనండి. లెన్సు గుండా సూర్యుణ్ణి నేరుగా కంటితో చూడటం ప్రమాదం. ఆ రోజు ఫోటోలో మీరు, మీ భార్య పక్కపక్కన ఉండండి.

ఈ ఏర్పాటంతా బయలుదేరే ముందే ఆమెతో మాట్లాడండి. ఏ సాయంత్రాలు మీవో, ఏవి అందరివో ఆమెనే నిర్ణయించమనండి.