గేరాయిల్ మార్చాక గేర్లు మొరాయిస్తే

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా సెమిలిగుడ. కుందులి సంత నుంచి సాలూరు, విజయనగరం వైపు కూరగాయలు తోలే ఆరు చక్రాల లారీ ఒకటి ఉంది. ఐదు గేర్ల బండి, నేనే నడుపుతాను. షెడ్డుకు వెళ్తే ఒకరోజు కిరాయి పోతుందని, సంక్రాంతికి ముందు ఇంటి వాకిట్లోనే గేరుబాక్సు ఆయిల్ మార్చుకున్నాను. పాత ఆయిల్ దించేశాక చూస్తే పక్కనున్న లెవెల్ ప్లగ్ (నూనె మట్టం చూసే రంధ్రపు బిరడా) పట్టేసి ఎంతకీ ఊడలేదు. అందుచేత పైనున్న బ్రీదర్ (పెట్టెలోని గాలి బయటికి పోయే గొట్టపు మూత) విప్పి, ఆ రంధ్రంలో గొట్టం పెట్టి పోశాను. దిగింది ఐదు లీటర్లు కాబట్టి ఐదే పోశాను. క్రౌన్ (వెనుక ఇరుసులోని పళ్ళచక్రాలు) కోసం తెచ్చి ఉంచిన 85డబ్ల్యూ-140 జీఎల్-5 డబ్బా ఇంట్లో ఉంటే అదే వాడాను. మర్నాటి నుంచి తెల్లవారుజామున రెండు నుంచి మూడుకు గేరు పడడం గగనమవుతోంది. సుంకి ఘాట్‌లో మూడు నుంచి రెండుకు వేయబోతే గరగరమంటోంది. రెండు గంటలు నడిచాక కొంత నయం. క్లచ్ హౌసింగ్ కింద రెండు మూడు చుక్కల నూనె కూడా కనబడుతోంది. గేరుబాక్సు దించి సింక్రో రింగులన్నీ మార్చాలని మెకానిక్ అంటున్నాడు. దించమంటారా?

జవాబు: ఇప్పుడే దించవద్దు. ఆయిల్ మార్చే ముందురోజు దాకా సవ్యంగా పడిన గేర్లు మర్నాడే మొరాయించాయంటే, నెలల తరబడి అరగవలసిన రింగులు ఒక్క రాత్రిలో అరిగిపోయాయని నమ్మడం కష్టం. ఏది మారిందో ముందు దాన్నే అనుమానించాలి. మీ బండిలో మారినవి నూనె రకం, నూనె మట్టం. రకం తప్పని మీ ఉత్తరమే చెబుతోంది. మట్టం ఎంత ఉందో మీకూ తెలియదు, మీ మెకానిక్కుకూ తెలియదు.

అన్నిటికంటే ముందు ఒక హెచ్చరిక. ఈ సంగతి తేలేదాకా సరుకుతో సుంకి ఘాట్ దిగకండి. దిగుడులో గేరు మార్చబోయి, అది పడక న్యూట్రల్‌లో చిక్కుకుంటే ఇంజన్ పట్టు పూర్తిగా పోయి బరువంతా బ్రేకుల మీదికి వస్తుంది. గేరుబాక్సు ఎంత మంచిదైనా, కావలసిన గేరును దిగుడు మొదలు కాకముందే వేసుకోవాలని ఘాట్ డ్రైవరుకు వేరే చెప్పనక్కరలేదు. గరగరలాడే పెట్టెతో ఆ జాగ్రత్త కూడా చాలదు.

ఇక నూనె విషయం. డబ్బా మీది అంకె చిక్కదనాన్ని తెలుపుతుంది. 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో, గేరుబాక్సుల్లో సాధారణంగా వాడే 90 గ్రేడు నూనె చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోకుల మధ్య ఉంటుంది. 140 గ్రేడుది 24కు తగ్గకూడదు. అంత వేడిలోనే ఇంత తేడా ఉంటే, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మీ ఊళ్ళో జనవరి తెల్లవారుజామున ఆ 140 చల్లారిన బెల్లం పాకంలా ఉంటుంది. మీరు గేరు రాడ్డు నెట్టినప్పుడు, ఇత్తడి సింక్రో రింగు గేరుకు ఉన్న ఏటవాలు అంచును రాసుకుని రెండింటి వేగాన్నీ సమం చేస్తుంది, ఆ తరువాతే పళ్ళు కలుస్తాయి. ఆ రాపిడి పుట్టాలంటే మధ్యనున్న నూనె పొర క్షణంలో పక్కకు తప్పుకోవాలి. పాకం తప్పుకోదు. అందుకే పొద్దున గేరు బిగుసుకుంటోంది, పెట్టె వేడెక్కాక సడలుతోంది. నిజానికి అరిగిన రింగులు కూడా చలిలో ఎక్కువ సతాయిస్తాయి కాబట్టి ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పను. కానీ సతాయింపు నూనె మార్చిన మర్నాడే మొదలైందన్న సంగతి కూడా కలిస్తే అనుమానం నూనె వైపే మొగ్గుతుంది.

అంకెతోపాటు జీఎల్ గుర్తు కూడా చూసుకోవాలి. ఇవి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఏర్పరచిన తరగతులు. జీఎల్-5 క్రౌన్‌లో ఒకదానిపై ఒకటి జారుతూ తిరిగే హైపాయిడ్ పళ్ళ కోసం చేసినది; దానిలో గంధకం, భాస్వరం కలిసిన మందు జీఎల్-4లో కంటే బాగా ఎక్కువ. ఉక్కు పళ్ళకు మేలు చేసే ఆ మందే వేడిలో ఇత్తడి, కంచు భాగాలను మెల్లగా తినవచ్చు, రింగుకు కావలసిన రాపిడిని కూడా తగ్గించవచ్చు. ఐదు నాలుగు కంటే పెద్దది గనుక మేలైనదని అనుకోవడం మన దుకాణాల్లో పాతుకుపోయిన పొరపాటు. అలాగని జీఎల్-4 ఒక్కటే అన్ని బండ్లకూ చెల్లుతుందనీ అనను. కొన్ని గేరుబాక్సులకు తయారు చేసినవారే జీఎల్-5 కానీ, ఇంజన్ ఆయిల్ కానీ వాడమంటారు. బండితో వచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయాలి, దుకాణదారు మాటా వద్దు, నా మాటా వద్దు. ఇత్తడి తినడం నాలుగు రోజుల్లో జరిగేది కాదు కాబట్టి కంగారు పడకండి, అయినా ఆ నూనెను వారం దాటనివ్వకండి.

నూనె దించే ముందు క్లచ్‌ను ఒకసారి పరీక్షించండి. చదునైన చోట హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపి, అన్ని గేర్లూ వేసి చూడండి. మెత్తగా పడితే రాడ్డు, ఫోర్కులు బాగున్నట్టే. తరువాత ఇంజన్ స్టార్టు చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, నెమ్మదిగా ఐదు లెక్కపెట్టి రివర్స్ వేయండి. రివర్స్‌కు సాధారణంగా సింక్రో ఉండదు. ఐదు లెక్కపెట్టినా గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం, అప్పుడు పెడల్ ప్లే (క్లచ్ పట్టకముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) సరిచూడాలి, హైడ్రాలిక్ క్లచ్ అయితే గొట్టాల్లోని గాలి తీయించాలి. గేరుబాక్సును నిందించి లాభం లేదు.

మీ అసలు పొరపాటు వరుసలో ఉంది. లెవెల్ ప్లగ్ ఊడుతుందని రూఢి చేసుకున్నాకే డ్రెయిన్ ప్లగ్ మీద పాన వేయాలి. ముందురాత్రే ఆ ప్లగ్ చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. మర్నాడు బండిని పది కిలోమీటర్లు తిప్పి, పెట్టె వెచ్చగా ఉండగానే, ప్లగ్ తలకు అచ్చంగా సరిపోయే సాకెట్‌తో ప్రయత్నించండి. వదులు పానతో తల గుండ్రమైపోతే పని పదింతలవుతుంది. దిగినంతే పోయడమూ తప్పే. పాత నూనె కారి ముందే తగ్గి ఉంటే మీరు ఆ తక్కువనే మళ్ళీ పోసినట్టు, ముందే మట్టం మించి ఉంటే ఆ ఎక్కువనే మళ్ళీ పోసినట్టు. పైగా కొండవాలు ఊళ్ళో వాకిలి ఎంత చదునుగా కనబడినా కంటిని నమ్మవద్దు. తూకం వేసే వేబ్రిడ్జి బల్ల మీద కానీ, పెట్రోలు బంకు సిమెంటు నేల మీద కానీ, వారిని అడిగి ఒక గంట నిలుపుకోండి. చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టడం మరవకండి.

దించిన నూనెను పారబోయకుండా ఒక స్టీలు పళ్ళెంలో పలచగా పోసి ఎండలో అటూ ఇటూ వంచండి. బంగారు పొడి చల్లినట్టు తళతళలాడితే అది రింగుల ఇత్తడి. కొద్దిగా ఉంటే వయసు, దట్టంగా ఉంటే మీ మెకానిక్ మాటలో నిజం ఉన్నట్టు. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి కాటుకలాంటి మెత్తని ముద్ద అంటుకుని ఉంటే భయం లేదు. వేళ్ళ మధ్య నలిపితే గుచ్చుకునే ముక్కలు తగిలితే పళ్ళో, బేరింగో చిట్లినట్టు, అప్పుడు బండి కదపకండి. ప్లగ్‌కు కొత్త వాషరు వేసి, పుస్తకంలో చెప్పిన నూనెను లెవెల్ రంధ్రం అంచు దాటి సన్నగా కారేదాకా పోసి, కారడం ఆగాక ప్లగ్ బిగించండి. ఆ వేళే బ్రీదర్‌ను డీజిల్‌లో కడిగి నోటితో ఊది చూడండి. అది మూసుకుపోతే, వేడెక్కి వ్యాకోచించిన గాలికి దారి లేక నూనెను ముందు సీల్ గుండా క్లచ్ వైపు నెడుతుంది. మట్టం ఎక్కువైనా అదే జరగవచ్చు. మీరు చూసిన చుక్కలకు కారణం ఇదే కావచ్చు. అవి గేరాయిల్ చుక్కలా, ఇంజన్ వెనుక సీల్ నుంచి వచ్చినవా అన్నది వాసనే చెబుతుంది: గేరాయిల్‌కు గంధకపు ఘాటు ఉంటుంది, డీజిల్ ఇంజన్ ఆయిల్ నల్లగా ఉండి ఆ ఘాటు ఉండదు. నూనె క్లచ్ ప్లేటుకు అంటి, ఎక్కుడులో ఇంజన్ అరిచినా బండి ముందుకు సాగకపోతే మాత్రం గేరుబాక్సు దించక తప్పదు, అది రింగుల కోసం కాదు, సీల్ కోసమూ ప్లేటు కోసమూ.

ఖాళీ బండితో ఘాట్ లేని చదును రోడ్డు మీద రెండు మూడు రోజులు తిప్పి మట్టం మళ్ళీ చూడండి. అన్ని గేర్లూ కుదుటపడితే మెకానిక్కుకు దండం పెట్టి రావచ్చు. ఒక్క రెండో గేరు మాత్రమే ఇంకా గరగరలాడి, పళ్ళెంలో ఇత్తడి కూడా కనబడి ఉంటే దించమనండి, అప్పుడైనా అరిగిన రింగే మార్చమనండి.

ప్రశ్న: గేరుబాక్సు నూనె పూర్తిగా కారిపోయిన మా లారీని గుణుపురం నుంచి రాయగడకు మరో బండికి కట్టి లాగించాలి. న్యూట్రల్‌లో ఉంచితే చాలునా?

జవాబు: చాలదు. చక్రాలు తిరుగుతుంటే గేరుబాక్సు వెనుక షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ ఆగి ఉండడంచేత నూనెను పైకి చిమ్మే కింది షాఫ్టు న్యూట్రల్‌లో తిరగదు. నూనె నిండుగా ఉన్న పెట్టెకే అది చేటు, మీది ఖాళీ పెట్టె. గేరుబాక్సును క్రౌన్‌తో కలిపే ప్రొపెల్లర్ షాఫ్టును క్రౌన్ దగ్గర విప్పి, కిందికి వేలాడకుండా ఛాసిస్‌కు కట్టి లాగించండి. విప్పే ముందు రెండు ఫ్లాంజీల మీదా సుద్దముక్కతో కాక, చెరిగిపోని రంగుతో గుర్తు పెట్టుకుని తిరిగి అలాగే బిగించండి, లేకపోతే బండి వణుకుతుంది. షాఫ్టు ఊడిన క్షణం నుంచి గేరులో ఉంచినా బండి ఆగదు; హ్యాండ్ బ్రేకు గేరుబాక్సు వెనుక డ్రమ్ము మీద పట్టే రకమైతే అదీ పనిచేయదు. కాబట్టి మొదటి బోల్టు వదులు చేయకముందే నాలుగు వైపులా అడ్డు దిమ్మలు పెట్టండి.