ఇంగ్లండ్‌లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం ఎందుకొచ్చింది?

సూటిగా చెప్పాలంటే డబ్బు, మతం, దానికి తోడు రాజుగారి మొండితనం. మొదటి చార్లెస్‌కి తన అధికారం దేవుడిచ్చిందని గట్టి నమ్మకం. అందుకే 1629 నుంచి పదకొండేళ్లు పార్లమెంటును పిలవకుండానే ఏలాడు. మరి ఖర్చులకో? నౌకాదళం కోసం తీరప్రాంతాల దగ్గర వసూలు చేసే ఓడల పన్నును, సముద్రం ముఖం చూడని లోపలి ఊళ్ల మీద కూడా వేశాడు, జనానికి ఒళ్లు మండింది. ఈలోగా స్కాట్లాండ్ మీద ఇంగ్లండ్ చర్చి తరహా ప్రార్థన పుస్తకం రుద్దబోతే అక్కడ తిరుగుబాటు వచ్చింది, యుద్ధానికి డబ్బుల్లేక 1640లో మళ్లీ పార్లమెంటు గడప తొక్కక తప్పలేదు. వాళ్లు మాత్రం ఊరుకుంటారా, పదకొండేళ్ల లెక్కలన్నీ బయటికి తీశారు.

అసలు సీన్ 1642 జనవరి 4న. ఐదుగురు సభ్యుల్ని అరెస్టు చేద్దామని సైనికుల్ని వెంటేసుకుని చార్లెస్ నేరుగా సభలోకి వచ్చేశాడు. వాళ్లు అప్పటికే పడవెక్కి జారుకున్నారు. ఎక్కడున్నారని అడిగితే స్పీకర్ లెంథాల్ మోకాళ్ల మీద కూర్చుని, సభ చెప్పనిదే నాకు చూడ్డానికి కళ్లూ లేవు, చెప్పడానికి నోరూ లేదన్నాడు. మోకరిల్లుతూనే కాదనడం, నాకైతే భలే అనిపిస్తుంది!

ఆగస్టులో యుద్ధం మొదలైంది. 1645లో నేస్బీ దగ్గర రాజు సైన్యం చితికిపోయింది. 1649 జనవరి 30న చార్లెస్ తల నరికారు. చలికి వణికితే భయపడ్డాడనుకుంటారని ఆ రోజు రెండు చొక్కాలు వేసుకున్నాడట.