ఆ తెల్ల సీసా ఓ.టి.లోనే ఉండాలి
పాఠకుల ప్రశ్నలు, మత్తు డాక్టర్ జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. కావలిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఓ.టి. (ఆపరేషన్ థియేటర్) నర్సుగా పనిచేస్తున్నాను. పోయిన నెల రొయ్యల గుంట దగ్గర ఏరియేటర్ రెక్క తగిలి చెయ్యి తెగిన ఒకాయన్ని తీసుకొచ్చారు. మనిషి 50 కేజీలకు మించి ఉండడు. చెయ్యి వరకే మొద్దుబారేలా మెడ పక్కన ఇంజక్షన్ ఇచ్చారు. కాసేపటికి ఆయన "నోరు చిమచిమలాడతా ఉండాదక్కా" అన్నాడు. తర్వాత మాట తడబడింది, ఫిట్స్ వచ్చాయి. ఆక్సిజన్ పెట్టి, ఫిట్స్ ఆపే మిడజోలం ఇస్తే తగ్గింది. దేవుడి దయవల్ల బతికాడు. మా సార్ మాత్రం "కొందరికి రియాక్షన్ వస్తుంది, ఏం చేస్తాం" అన్నారు. దీనికి ఒక కొవ్వు మందు ఉందని ట్రైనింగ్‌లో విన్నాను. మా దగ్గర లేదు, ఎదురుగా ఉన్న మెడికల్ షాపులోనూ లేదు. మేనేజ్‌మెంట్‌ను అడిగితే "ఖరీదెక్కువ, వాడకుండానే ఎక్స్‌పైరీ అయిపోతుంది" అన్నారు. నిజంగా అంత అవసరమా? వాళ్లకు ఏమని చెప్పాలి? (ఒక స్టాఫ్ నర్సు, కావలి)

జవాబు: అవసరమేనమ్మా. ఇంజక్షన్ ఇచ్చే గది తెరిచి ఉన్నంతసేపూ అవసరమే.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. మీరు చూసింది అలర్జీ కాదు. ఒంటికి పడకపోవడం వేరు, రక్తంలో మందు మించిపోవడం వేరు. లిగ్నోకెయిన్, బుపివకెయిన్ లాంటి మందులు నరం మీద పనిచేసి నొప్పి తెలియకుండా చేస్తాయి. అదే మందు పొరపాటున రక్తనాళంలోకి వెళ్లినా, మోతాదు మించి నెమ్మదిగా రక్తంలో కలిసినా మెదడునూ గుండెనూ పట్టుకుంటుంది. మామూలుగా ముందు మెదడు లక్షణాలు కనిపిస్తాయి. బుపివకెయిన్‌తో ఆ వరుసను నమ్ముకోలేం. ఫిట్స్ రాకుండానే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఆ మందుతో గుండె ఆగిన సంఘటనల గురించి అమెరికా మత్తు వైద్యుల పత్రికలో 1979లోనే హెచ్చరిక వచ్చింది. కాబట్టి "ఏం చేస్తాం" అనేది సరైన మాట కాదు. చేయాల్సింది చాలా ఉంది.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైన మాట ఆ రోగి చెప్పిందే. బ్లాక్ (నరం దగ్గర మొద్దుబారే ఇంజక్షన్) ఇచ్చేటప్పుడు డాక్టర్ చూపంతా సూది మీదో, స్కానింగ్ తెర మీదో ఉంటుంది. రోగి తలవైపు నిలబడేది నర్సు. రోగి పుస్తకాల్లో ఉన్న మాటల్లో చెప్పడు. "నాలిక మందమైపోతా ఉండాది" అంటాడు, "చెవుల్లో గుయ్యిమంటా ఉండాది" అంటాడు, నోట్లో చిలుం రుచి తగిలిందంటాడు. అప్పటిదాకా బాగా మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి చిరాకు పడతాడు, లేచి కూర్చోబోతాడు. మన దగ్గర దీన్ని భయం కింద కట్టేసి "ఊరుకో నాయనా" అని భుజం నొక్కుతారు. అలా నొక్కకండి. "సార్, ఆపండి" అని గట్టిగా చెప్పండి. అది మీ హక్కే కాదు, మీ డ్యూటీ కూడా. సూది ఇంకా లోపలే ఉంది, సిరంజిలో ఇంకా మందుంది, మీ ఒక్క మాటతో మిగిలిన మందు లోపలికి పోకుండా ఆగుతుంది. ఎక్కువ మందిలో ఈ లక్షణాలు 5 నిమిషాల్లోపే వస్తాయి. కొందరిలో 15 నిమిషాలు దాటాక కూడా వస్తాయి. అందుకే బ్లాక్ ఇచ్చాక కనీసం అరగంట మానిటర్ తీయకూడదు, రోగిని మాట్లాడించడం మానకూడదు.

ఇక లెక్క. మందు పీల్చే ముందే ఇది గోడ మీద కనిపించాలి. అడ్రినలిన్ (రక్తనాళాలను బిగించే మందు) కలవని లిగ్నోకెయిన్ కేజీ బరువుకు 4.5 మి.గ్రా. దాటకూడదు, కలిసింది 7 మి.గ్రా. దాటకూడదు. మీ దగ్గరికొచ్చిన 50 కేజీల మనిషికి మామూలు లిగ్నోకెయిన్ అయితే 225 మి.గ్రా. 2 శాతం మందులో మి.లీ.కి 20 మి.గ్రా. ఉంటుంది. అంటే సుమారు 11 మి.లీ.తో సరి. మన దగ్గర అందరూ వాడే 30 మి.లీ. సీసాలో 600 మి.గ్రా. ఉంటుంది. ఎంత ఒళ్లున్న మనిషికైనా ఆ సీసా మొత్తం ఎక్కువే. బుపివకెయిన్ కేజీకి 2 మి.గ్రా. దగ్గర ఆపాలి. 0.5 శాతం మందైతే ఆ మనిషికి 20 మి.లీ., అంటే ఒక చిన్న సీసా. రెండూ కలిపి ఇస్తే దేని లెక్క దానిదే అనుకోకూడదు. ఒకదాని హద్దులో సగం వాడేశాక రెండోదానికి మిగిలేది సగమే. బ్లాక్ సరిగా పట్టలేదని సర్జన్ గారు పైన ఇంకొంత లోకల్ (మొద్దుబారే మందు) వేయబోయేటప్పుడే చాలాచోట్ల ఈ లెక్క తప్పుతుంది. అప్పటిదాకా ఎంత వెళ్లిందో పైకి చదవాల్సింది మీరే. ముసలివాళ్లకు, బక్కచిక్కిన వాళ్లకు, గర్భిణులకు, లివర్, గుండె జబ్బులున్న వాళ్లకు ఇంకా తగ్గించాలి. బరువు కళ్లతో అంచనా వేయకుండా కాటా మీద చూడాలి. తెగిన చేత్తో వచ్చినవాణ్ని కాటా ఎక్కించలేకపోతే కనీసం వెంట వచ్చిన వాళ్లనైనా అడగండి.

మీరు విన్న ఆ మందు పేరు 20 శాతం లిపిడ్ ఎమల్షన్. సోయా నూనెను గుడ్డుసొనలోని కొవ్వుతో కలిపి, రక్తంలోకి ఎక్కించడానికి వీలుగా పాలలాగా చేసిన ద్రవం. నోటితో తినలేని రోగులకు, నెలలు నిండని పసిబిడ్డలకు ఆహారంగా ఎక్కించేదే ఇది. చికాగోలో గై వైన్‌బెర్గ్ అనే మత్తు డాక్టర్ 1998లో ఎలుకల మీద చేసిన పనిలో, ఈ కొవ్వు ఎక్కించిన ఎలుకలు ఎక్కువ బుపివకెయిన్‌ను తట్టుకున్నాయని చూపించారు. 2006లో న్యూయార్క్‌లో భుజం ఆపరేషన్ కోసం బ్లాక్ ఇచ్చిన 58 ఏళ్ల మనిషికి గుండె ఆగింది. సుమారు 20 నిమిషాల సి.పి.ఆర్.కూ (ఛాతీ నొక్కి ఊపిరి అందించడం), మందులకూ లొంగని ఆ గుండె ఈ కొవ్వు ఎక్కించిన కాసేపటికే కొట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఇది ఈ ప్రమాదానికి మొదటి వరుస వైద్యం అయింది. రక్తంలో తిరిగే కొవ్వు ఆ మందును పట్టుకుని గుండె నుంచి, మెదడు నుంచి తప్పించి కండరాలకు, లివర్‌కు చేరవేస్తుంది.

మీ దగ్గరికొచ్చిన రోగికి ఫిట్స్ దగ్గరే ఆగిపోయింది కాబట్టి ఆక్సిజన్, మిడజోలం సరిపోయాయి. ఆ రెండూ వెంటనే ఇవ్వడం మంచి పని. ఊపిరి సరిగా అందకపోతే ఒంట్లో ఆమ్లం పెరిగి, మందు గుండెను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఆక్సిజన్‌దే మొదటి పని. కానీ తర్వాతి రోగికి ఏం జరుగుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. ఫిట్స్ వచ్చినప్పుడే, లేదా లక్షణాలు పెరుగుతున్నప్పుడే, గుండె ఆగేదాకా చూడకుండా కొవ్వు మొదలుపెట్టాలి. కేజీకి 1.5 మి.లీ. చొప్పున రెండు మూడు నిమిషాల్లో ఇవ్వాలి. 50 కేజీలకు 75 మి.లీ. తర్వాత కేజీకి నిమిషానికి 0.25 మి.లీ., అంటే ఆయనకు నిమిషానికి 12 మి.లీ. పైచిలుకు. బి.పి. నిలబడ్డాక కూడా కనీసం 15 నిమిషాలు ఆపకూడదు. మొత్తం మీద కేజీకి 12 మి.లీ. దాటకూడదు. గుండె ఆగితే సి.పి.ఆర్. మామూలుకన్నా చాలాసేపు, గంట దాటినా సరే, చేయాల్సి రావచ్చు. మొద్దుబారే మందు వదిలేదాకా గుండె తిరిగి రాదు, వదిలితే మళ్లీ బాగా కొట్టుకుంటుంది. అడ్రినలిన్ మామూలు 1 మి.గ్రా. డోసులో కాకుండా చాలా చిన్న డోసులో, కేజీకి 1 మైక్రోగ్రాము లోపే ఇవ్వమంటారు. ఇది మీ డాక్టర్ గారు కూడా గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఒక్క 100 మి.లీ. సీసా తెచ్చి పెట్టి "ఉంది" అనిపించుకుంటే లాభం లేదు. పైన లెక్క చూశారుగా, అది పది నిమిషాలు కూడా రాదు. అమెరికా రీజనల్ ఎనస్థీషియా సంఘం చెక్‌లిస్టు ప్రకారం కిట్‌లో మొత్తం ఒక లీటరు ఉండాలి. సీసాతో పాటు 50 మి.లీ. సిరంజిలు, పెద్ద సూదులు, డ్రిప్ సెట్, మోతాదు రాసిన అట్ట, అన్నీ ఒకే డబ్బాలో ఉండాలి. సిరంజిలు ఎందుకంటే, డ్రిప్ వేలాడదీస్తే చేతికున్న చిన్న కాన్యులాలోంచి 75 మి.లీ. రెండు నిమిషాల్లో దిగదు, తోయాల్సిందే. ఇంకో మాట, ఇది చాలా ముఖ్యం. నిద్రపుచ్చే మత్తు మందు ప్రొపోఫాల్ కూడా తెల్లగానే ఉంటుంది. అందులోనూ కొవ్వు ఉందని ఎవరైనా దాన్ని చేతికిస్తే తీసుకోకండి. అందులో ఉన్నది 10 శాతం కొవ్వే. మనకు కావలసినంత కొవ్వు దాంతో ఇవ్వాలంటే ప్రొపోఫాల్ మోతాదుకే గుండె కుదేలవుతుంది.

మేనేజ్‌మెంట్‌కు ఎక్స్‌పైరీ దిగులు తీర్చే దారి ఉంది. ఈ సీసాలు నెల్లూరు, ఒంగోలుల్లో పసిబిడ్డల ఐ.సి.యు. ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో వాడకంలో ఉండేవే. గడువు మూడు నెలలు ఉండగానే వాళ్లకిచ్చి కొత్తవి తీసుకునేలా మాట్లాడుకోవచ్చు, లేదా డిస్ట్రిబ్యూటర్‌తోనే ఆ ఒప్పందం చేసుకోవచ్చు. కానీ "పక్క ఆసుపత్రిలో ఉంది, అవసరమైతే తెప్పిస్తాం" అంటే ఒప్పుకోకండి. ట్రంకు రోడ్డు దాటి వార్డ్‌బాయ్ వెళ్లి, అక్కడ స్టోర్ తాళం కోసం వెతికి, బిల్లు రాయించుకుని వచ్చేసరికి మెదడుకు రక్తం అందక ఎన్ని నిమిషాలు గడుస్తాయో వాళ్లనే లెక్క వేయమనండి. మీ భవనంలోనే పై అంతస్తు స్టోర్‌లో పెట్టి తాళం వేసినా అంతే. 25 డిగ్రీల లోపు ఉంచాలి, గడ్డకట్టకూడదు. రోహిణి కార్తె ఎండల్లో రాత్రిళ్లు ఓ.టి. ఏసీ ఆపేస్తారు కాబట్టి డబ్బా ఎక్కడ పెట్టాలో ఆలోచించి పెట్టండి. నూనె తేలిన సీసా పనికిరాదు. డబ్బా ఒక్క ఓ.టి.కే కాదు, కాన్పుల గదికి కూడా అందే దూరంలో ఉండాలి. అక్కడా లోకల్ ఇస్తారు.

డబ్బా వచ్చాక ఒకరోజు మధ్యాహ్నం కేసులు లేనప్పుడు, నైట్ డ్యూటీ వాళ్లతో సహా అందరూ నిలబడి ఒకసారి చేసి చూడండి. సీసా మూత ఎవరు తీస్తారు, సిరంజి ఎవరు నింపుతారు, 108కి, నెల్లూరు ఐ.సి.యు.కి ఫోన్ ఎవరు చేస్తారు, ఛాతీ నొక్కేది ఎవరు, టైమ్ రాసేది ఎవరు అన్నది తేలాలి. రోగిని పంపాల్సి వస్తే డ్రిప్ నడుస్తుండగానే, మిగిలిన సీసాలతో, ఒక నర్సు వెంట వెళ్లాలి. ఫిట్స్‌తో సరిపెట్టుకున్న రోగిని కనీసం 2 గంటలు, బి.పి., గుండె లయ తప్పిన రోగిని 4 నుంచి 6 గంటలు కనిపెట్టుకుని ఉండాలి. తగ్గినట్టే తగ్గి మళ్లీ రావచ్చు.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. పన్ను పీకడానికి ఇంజక్షన్ చేయగానే గుండె దడదడలాడి చేతులు వణికాయి. ఐదు నిమిషాల్లో తగ్గింది. మొద్దుబారే మందు నాకు పడదని అందరూ అంటున్నారు. త్వరలో హెర్నియా ఆపరేషన్ ఉంది. టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: పళ్లకు ఇచ్చే మందులో రక్తస్రావం తగ్గడానికి అడ్రినలిన్ కలుపుతారు. మీరు చెప్పిన దడ, వణుకు ఎక్కువగా దానివల్లే వస్తాయి. ఒంటిమీద దద్దుర్లు, పెదాలు వాయడం, ఆయాసం లేవు కాబట్టి అలర్జీ అనుకోవడానికి ఆధారం కనిపించదు. ఈ మందులకు నిజమైన అలర్జీ చాలా అరుదు. అయితే జరిగింది దాచకుండా మీ మత్తు డాక్టర్‌కు చెప్పండి, ఆపరేషన్ ముందు ఇ.సి.జి. తప్పనిసరిగా చూపించండి. "నాకు పడదు" అని మీ అంతట మీరే చీటీ మీద రాసుకుంటే, రేపు అవసరమైన మందును కూడా ఇవ్వడానికి వెనకాడతారు.

ప్రశ్న: మా నాన్నకు 74. కంటి శుక్లాల ఆపరేషన్‌కు ముందు చేతి మీద టెస్ట్ డోస్ వేశారు, ఏమీ కాలేదు. ఇక భయం లేనట్టే కదా? (ఒక పాఠకురాలు, ఆత్మకూరు)

జవాబు: చర్మం కింద వేసే ఆ చుక్క మందు అలర్జీ గురించే కొంత చెబుతుంది, అదీ పూర్తిగా కాదు. పైన కావలి నర్సు రాసిన ప్రమాదం గురించి అది ఏమీ చెప్పదు. ఆ ప్రమాదం ఎంత మందు, ఎక్కడికి వెళ్లిందన్న దాన్ని బట్టి వస్తుంది. కంటికి వాడేది తక్కువ మందే, ఇప్పుడు చాలామందికి చుక్కలతోనే చేస్తున్నారు, కాబట్టి కంగారు పడకండి. కంటి వెనక ఇంజక్షన్ ఇస్తామంటే మాత్రం అక్కడ ఆక్సిజన్, మానిటర్, మత్తు డాక్టర్ ఉంటారా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాట పడొద్దు. మీ నాన్నగారు వాడే మాత్రల చీటీ, పాత ఇ.సి.జి. వెంట తీసుకెళ్లండి.