కాంతి వంపు మీద వ్యాసం రాసే చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. భాష బాగుంది. అయితే ‘సూర్యుడి దగ్గర కాంతి వంగుతుందని ఐన్‌స్టీన్ కనిపెట్టాడు’ అన్న మొదటి వాక్యం నిలవదు. న్యూటన్ సూత్రాలను ఆధారం చేసుకుని జర్మనీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త సోల్డ్‌నర్ 1801లోనే ఆ వంపును లెక్కగట్టాడు. ఐన్‌స్టీన్ 1911లో వేసిన లెక్కలోనూ దాదాపు అంతే వచ్చింది. కాలంతో పాటు స్థలం కూడా వంగుతుందని 1915లో తేలాకనే ఆ విలువ రెట్టింపై, సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే కిరణానికి 1.75 ఆర్క్ సెకన్లయింది (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు). వివాదమంతా ఎంత వంగుతుందన్న దాని మీదే నడిచింది. నీ వ్యాసంలో మాత్రం ఒక్క అంకె కూడా లేదు. పాఠకుడు బెదురుతాడనుకుంటే, అది మనకు కనిపించే చంద్రబింబం వెడల్పులో సుమారు వెయ్యోవంతు అని పక్కనే రాయి. స్థలం వంపును చూపడానికి నువ్వు వాడిన, దుప్పటి మీద ఇనుప గుండు ఉపమానాన్ని తీసెయ్యి; అందులో కాలం వంపు కనిపించదు కనుక విలువ ఎందుకు రెట్టింపయిందో అది చెప్పజాలదు.

1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణానికి నువ్వు రెండు వాక్యాలే ఇచ్చావు. నేనైతే సగం వ్యాసం అక్కడే గడిపేవాణ్ణి. సూర్యుడి పక్కనున్న నక్షత్రాలు గ్రహణంలోనే కనిపిస్తాయి; అవి తమ చోటు నుంచి ఎంత జరిగినట్టు కనిపిస్తే కాంతి అంత వంగినట్టు. ఆ రోజు సూర్యుడు రోహిణికి పొరుగున కనిపించే హయాడీస్ నక్షత్రగుచ్ఛం దగ్గర ఉన్నాడు. కొలతకు అన్ని నక్షత్రాలు ఒక్కచోట దొరకడం అదృష్టమే. ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ వెళ్లిన, ఆఫ్రికా పడమటి తీరానికి దగ్గరున్న ప్రిన్సిపే దీవిలో మబ్బులు కమ్మాయి. బ్రెజిల్‌లోని సోబ్రాల్‌లో ఆకాశం తేటపడినా, పెద్ద దూరదర్శినికి కాంతిని పంపే అద్దం ఎండకు వేడెక్కి, నక్షత్రాలు ఫొటో పలకల మీద అలుక్కుపోయాయి. సూర్యుడు పక్కకు తప్పుకున్నాక, జులైలో తెల్లవారుజామున అవే నక్షత్రాలను మళ్లీ ఫొటో తీసి రెంటినీ పోల్చారు. అలుక్కుపోయిన పలకలు 0.93 ఆర్క్ సెకన్లు చూపాయి, అంటే న్యూటన్ లెక్కకు దగ్గర; సోబ్రాల్‌లోనే ఉన్న నాలుగంగుళాల దూరదర్శిని 1.98, ప్రిన్సిపే పలకలు 1.61 చూపాయి. మసక పలకలను పక్కన పెట్టి, ఐన్‌స్టీన్ లెక్కే సరైనదని ఆ ఏడాది నవంబరు 6న లండన్‌లో ప్రకటించారు. ఇది పక్షపాతమన్న ఆరోపణను దాచకుండా రాయి, వెంటనే 1979లో ఆ మసక పలకలనే కొత్త యంత్రంతో కొలిస్తే 1.55 వచ్చిందని కూడా రాయి.

మధ్యనున్న గెలాక్సీ కాంతిని వంచడం వల్ల ఒకే క్వేజార్ (చాలా దూరాన ఉన్న గెలాక్సీ నడిమి మిక్కిలి ప్రకాశవంతమైన భాగం) రెండుగా కనబడుతున్న సంగతి బయటపడిందీ 1979లోనే. ఒక దారిన వచ్చే కాంతి రెండో దారి కాంతి కంటే సుమారు 14 నెలలు ఆలస్యంగా మనకు చేరుతుంది. దాన్ని చివరి పేరాలో ఇరికించకు. ముందు ఈ గ్రహణం వ్యాసం తిరగరాసి పంపు, క్వేజార్‌కు వేరే వ్యాసం రాద్దువుగాని.