సీరియల్ పరికరాలను నెట్‌వర్క్‌కు కలపబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

తూకం మిషను, బార్‌కోడ్ స్కానరు, రెండు ఎనర్జీ మీటర్లు అన్నిటినీ నెట్‌వర్క్ మీదుగా ఒకే కంప్యూటరుకు కలపాలని రాశావు. కంప్యూటరుకు సీరియల్ పోర్టు (డేటాను ఒక్కో బిట్‌గా వరసగా పంపే పాత తరహా కనెక్టరు) లేదని టెన్షన్ పడకు. సీరియల్ డివైస్ సర్వర్ అని చిన్న పెట్టె దొరుకుతుంది. దానికి ఒక పక్క సీరియల్ పోర్టు, ఇంకో పక్క ఈథర్‌నెట్ జాక్ ఉంటాయి. కానీ అది చేతికి రాకముందే చేయాల్సిన పని చాలా ఉంది.

మొదట నెట్‌వర్క్ మాట పక్కన పెట్టు. ఒక్కో పరికరాన్నీ యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌తో నేరుగా ల్యాప్‌టాప్‌కు తగిలించి, టెర్మినల్ ప్రోగ్రాంలో (సీరియల్‌గా వచ్చే అక్షరాలను తెర మీద చూపేది) మాట్లాడించు. బాడ్ రేటు (డేటా పంపే వేగం), డేటా బిట్లు, పారిటీ (తప్పు పట్టుకునే అదనపు బిట్టు), స్టాప్ బిట్లు ఎంతెంత పెడితే కుదిరిందో కాగితం మీద రాసుకో. పాత పరికరాలు చాలావరకు 9600 మీదే నడుస్తాయి, అయినా మాన్యువల్ చూడకుండా నమ్మకు. చెత్త అక్షరాలు వస్తుంటే ముందు బాడ్ రేటు చూడు. అసలేమీ రాకపోతే వైర్లను అనుమానించు. పంపే పిన్ను అవతల పంపే పిన్నుకే తగిలి ఉండొచ్చు, అప్పుడు పంపే, అందుకునే వైర్లను లోపలే అటూ ఇటూ మార్చిన నల్ మోడెమ్ కేబుల్ కావాలి. లేదంటే పరికరం 'నేను సిద్ధం, పంపు' అని అవతలి నుంచి వచ్చే హ్యాండ్‌షేక్ సిగ్నల్ కోసం కాచుకుని కూర్చుని ఉండొచ్చు. దీనికి ఒక పూట పోయినా పోనీ. ఇది తేలకుండా పెట్టె తగిలిస్తే, తప్పు వైరుదో, పెట్టెదో, నెట్‌వర్క్‌దో తెలియక తల పట్టుకుంటావు.

తూకం మిషను, స్కానరు ఆర్‌ఎస్-232 (ఒక లైనుకు ఒకే పరికరం తగిలే సీరియల్ పద్ధతి) అయితే ఒక్కోదానికి ఒక్కో పోర్టు ఉండాలి. ఆ కేబుల్ 15 మీటర్లు దాటితే నమ్మకం ఉండదు. అందుకే పెట్టెను పరికరం పక్కనే పెట్టి, దూరమంతా ఈథర్‌నెట్ కేబుల్‌తో లాగు. అది 100 మీటర్ల వరకు వస్తుంది. మీటర్లు ఆర్‌ఎస్-485 (ఒకే లైను మీద చాలా పరికరాలు పంచుకునే పద్ధతి) అయి, వాటి అడ్రసులు వేరువేరుగా ఉంటే రెంటినీ ఒకే జత వైర్ల మీద వేయొచ్చు. లైను పొడవుగా ఉంటే రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టు. ఆ జత వైర్లకు ఏ, బీ గుర్తులు కంపెనీకో తీరుగా వేస్తారు. జవాబు రాకపోతే ఆ రెండు వైర్లూ అటూ ఇటూ మార్చి చూడు, దానివల్ల ఏమీ కాలిపోదు.

ఇక కంప్యూటరు వైపు. నీ సాఫ్ట్‌వేర్‌కు కామ్ పోర్టు (విండోస్‌లో సీరియల్ పోర్టుకు పేరు) తప్ప ఇంకోటి తెలియకపోతే, పెట్టెతో వచ్చే వర్చువల్ కామ్ పోర్టు డ్రైవర్ వేసుకోవాలి. ప్రోగ్రాం నువ్వే రాసుకుంటే మాత్రం డ్రైవర్ జోలికి పోకు. పెట్టె ఐపీ అడ్రసుకూ పోర్టు నంబరుకూ నేరుగా టీసీపీ (నెట్‌వర్క్ మీద డేటా చేరవేసే పద్ధతి) కనెక్షన్ తెరువు. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ అయినప్పుడల్లా డ్రైవర్‌తో కుస్తీ పట్టే బాధ ఉండదు.

అందరూ బోల్తా పడేది టైమింగ్ దగ్గర. టీసీపీ బైట్లను వరస తప్పకుండా తెస్తుంది కానీ వాటి మధ్య విరామాలను ఉన్నవి ఉన్నట్టు తేదు. తూకం మిషను 12.50 అని పంపితే నీ ప్రోగ్రాంకు ముందు 1, కాసేపటికి 2.50 అందొచ్చు. వచ్చిన ముక్కనే బరువు అనుకున్నావో, బిల్లు తప్పుతుంది! లైను చివరి గుర్తు వచ్చేదాకా పోగుచేసి, అప్పుడు చదువు. ఫలానా అక్షరం వచ్చాకే పంపు అనే సెట్టింగు కొన్ని పెట్టెల్లో ఉంటుంది. పెట్టుకో, కానీ దాని మీదే ఆధారపడకు.

మీటర్లు మోడ్‌బస్ ఆర్‌టీయూ (మీటర్ల వంటి పరికరాలు సీరియల్ లైను మీద మాట్లాడుకునే భాష) అయితే ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. అందులో మూడున్నర అక్షరాలంత నిశ్శబ్దం వస్తేనే ఒక సందేశం అయిపోయినట్టు. 9600 వేగంలో అది 4 మిల్లీసెకన్లు, నెట్‌వర్క్ మీద ఆ కాస్త తేడాకు పూచీ లేదు. అందుకని ఆ రెంటికీ మామూలు పెట్టె కాకుండా మోడ్‌బస్ గేట్‌వే తీసుకో. సీరియల్ వైపు విరామాల సంగతి అదే చూసుకుని నీకు మోడ్‌బస్ టీసీపీగా (అదే భాష నెట్‌వర్క్ రూపంలో) అందిస్తుంది, పోర్టు 502 మీద. జవాబు కోసం ఆగే టైమ్‌ఔట్ మాత్రం కాస్త పెంచు.

పెట్టెకు ఐపీ అడ్రసు మారకుండా స్థిరంగా కేటాయించు. ఒకసారికి ఒక్క కనెక్షనే ఒప్పుకునే పెట్టెలు చాలా ఉన్నాయి. కంప్యూటరు హఠాత్తుగా ఆగిపోతే, పాత కనెక్షన్ ఇంకా ఉందనుకుని కొత్తదాన్ని రానివ్వవు. అవతలివాడు ఇంకా ఉన్నాడా అని అప్పుడప్పుడు అడిగి చూసే కీప్-అలైవ్ సెట్టింగు ఆన్ చేసి ఉంచు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చు. వీటిలో చాలావాటికి మామూలు సెట్టింగుల్లో ఎన్‌క్రిప్షన్ ఉండదు కాబట్టి ఎవరు ఎంత చెప్పినా ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టకు. వేరే వీలాన్‌లో (అదే నెట్‌వర్క్‌లో విడదీసిన భాగం) ఉంచితే ఇంకా మంచిది.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకు. తూకం మిషను ఒక్కదాన్నే కలిపి వారం రోజులు నడవనివ్వు. ఈలోగా మీటర్ల మాన్యువల్‌లో కనెక్టర్ బొమ్మ ఉన్న పేజీ ఫొటో తీసి నాకు పంపు, వైరింగు చూసి చెబుతాను.