ఇంట్లో సెమినార్ పెట్టబోతున్న అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. నువ్వు పాఠాలు చెప్పే కాలేజీలో సెమినార్‌కి గది దొరకడం లేదనీ, వచ్చే సెమిస్టర్‌లో చూద్దామన్నారనీ, ఈలోగా థియరిటికల్ ఫిజిక్స్ అంటే చెవి కోసుకునే ఆ నలుగురు పిల్లలూ చేజారిపోతారేమోనని టెన్షన్‌గా ఉందనీ రాశావు. గది కోసం ఆగకు. మీ ఇంట్లోనే మొదలుపెట్టు. వరండా గోడకు ఒక నల్లబల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, వారానికి ఒక సాయంత్రం ఉంటే పని నడుస్తుంది. ఎలా నడపాలో నాకు తెలిసినంత రాస్తాను. ఫోన్లో చెబితే మాటలు గాలికి పోతాయి, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఇంత ధైర్యంగా చెప్పడానికి నాకొక ఆధారం ఉంది. అల్లాడి రామకృష్ణన్ గారి పేరు వినే ఉంటావు. చెన్నైలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్‌ని స్థాపించినాయన. ఆయన తండ్రి అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యులు, మీ నెల్లూరు వైపు పుదూరులో పుట్టినవారు. రామకృష్ణన్ 1923లో మద్రాసులో పుట్టారు. తండ్రి అంత పేరున్న లాయరు కాబట్టి కోర్టు దారి తెరిచే ఉంది. ఆయన ఆ దారి పట్టకుండా భౌతిక శాస్త్రవేత్త హోమీ భాభా దగ్గరికి, బొంబాయిలో కొత్తగా మొదలైన టాటా ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కి వెళ్ళారు.

అక్కడ ఆయన చేతికందిన సమస్య గురించి కాస్త వివరంగా చెబుతాను. నీ సెమినార్‌లో మొదటి అంశంగా అదే పెట్టమని నా సలహా. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల వాతావరణంలో ఎలక్ట్రాన్ల జల్లు పుడుతుంది కదా. వేగంగా వచ్చే ఎలక్ట్రాన్ ఒక పరమాణు కేంద్రకం పక్కనుంచి పోతూ ఫోటాన్‌ను, అంటే కాంతి కణాన్ని, వదులుతుంది. ఆ ఫోటాన్ ఎలక్ట్రాన్, పాజిట్రాన్ (ధనావేశమున్న ఎలక్ట్రాన్ లాంటి కణం) జంటగా మారుతుంది. ఆ రెండూ మళ్ళీ ఫోటాన్లను వదులుతాయి. ఇలా ఒకటి పదై, పది వందై కిందికి దిగుతుంది. సగటున ఎన్ని కణాలుంటాయో భాభా, హైట్లర్ అనే మరో శాస్త్రవేత్త కలిసి 1937లోనే లెక్క కట్టారు. సగటు తెలిస్తే సరిపోదు. ఒకే శక్తితో మొదలైన రెండు జల్లుల్లో ఒకదాంట్లో చాలా కణాలు, ఇంకోదాంట్లో కొన్నే ఉండొచ్చు. ఆ హెచ్చుతగ్గులెంత? చిక్కు ఎక్కడొచ్చిందంటే, కణాలను ఒకటీ రెండూ అని లెక్కపెట్టగలం గానీ వాటి శక్తి అలా అంచెలంచెలుగా ఉండదు, ఎంతైనా ఉండొచ్చు. ప్రతి శక్తి దగ్గరా ఎన్ని కణాలున్నాయని అడగడం మొదలుపెడితే ఆ ప్రశ్నలకు అంతుండదు.

రామకృష్ణన్ పట్టుకున్న కిటుకు పిల్లలకు ఒక సాయంత్రంలో చెప్పేయొచ్చు. శక్తిని ఒక గీత మీద కొలతలా గుర్తించి, ఆ గీతలో చాలా చిన్న ముక్క ఒకటి తీసుకో. అందులో ఒక కణం ఉండే సంభావ్యత ఆ ముక్క పొడవుకు అనుపాతంలో ఉంటుంది. రెండు కణాలుండే సంభావ్యత పొడవు వర్గంతో (స్క్వేర్‌తో) పోతుంది, అంటే ఇంకా చాలా చిన్నది, కాబట్టి వదిలేయొచ్చు. అంటే ఆ ముక్కలో కణాల సగటు సంఖ్యా, అక్కడ ఒక కణం ఉండే సంభావ్యతా ఒకటే. వర్గం చేసినా ఒకటి ఒకటే కాబట్టి, సంఖ్య వర్గపు సగటు కూడా అంతే! ఇక రెండు వేర్వేరు ముక్కల్లో చెరొక కణం ఉండే సంభావ్యతను ఇంకో ఫంక్షన్‌గా రాసుకుంటే మొత్తం హెచ్చుతగ్గులు వాటంతట అవే బయటికొస్తాయి. వీటికి ప్రొడక్ట్ డెన్సిటీలు అని పేరు. ఆయన పేపరు 1950లో వచ్చింది. భాభా కూడా అదే ఏడాది అదే సమస్య మీద తన పద్ధతిని ప్రచురించారు. రామకృష్ణన్ ఆ తర్వాత చాలా రాశారు గానీ, నా మటుకు నాకు అన్నిటికన్నా గట్టి పని ఇదే. బీఎస్సీ కుర్రాడికి అర్థమయ్యే ఆలోచనే రీసెర్చ్ పేపరవుతుందని పిల్లలు కళ్ళారా చూడాలి. బిట్లు, గైడ్లు చదివి చదివి, కొత్త విషయమంటే మనకు అందనంత ఎత్తులో ఉంటుందని నమ్మేస్తున్నారు వాళ్ళు.

ఆయన మాంచెస్టర్‌లో గణాంక శాస్త్రవేత్త బార్ట్‌లెట్ దగ్గర పీహెచ్‌డీ చేసి, తిరిగొచ్చి మద్రాసు విశ్వవిద్యాలయంలో చేరారు. నీకు పనికొచ్చే భాగం 1957-58లో మొదలవుతుంది. ఆ ఏడాది ఆయన ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో ఉన్నారు. అణుబాంబు తయారీకి నాయకత్వం వహించిన ఓపెన్‌హైమర్ అక్కడ డైరెక్టర్. పారిటీ నియమం (ప్రకృతి కుడి ఎడమల మధ్య తేడా చూపదన్న నియమం) తప్పుతుందని చెప్పిన లీ, యాంగ్‌లకు 1957లోనే నోబెల్ వచ్చింది, యాంగ్ అక్కడే పనిచేస్తున్నారు. కొత్త ఫలితం అచ్చులోకి రాకముందే బల్ల మీదికి వచ్చి, దాని మీద వాదనలు జరిగే చోటు అది. అక్కడ ఉండొచ్చినవాళ్ళు రెండు రకాలుగా ఉంటారు. ఇక్కడ మనకవన్నీ ఎక్కడ కుదురుతాయని నిట్టూర్చి సిలబస్‌లో పడిపోయేవాళ్ళు ఒక రకం. ఈయన రెండో రకం. మైలాపూర్‌లో తన ఇల్లు ఏకామ్ర నివాస్‌లోనే థియరిటికల్ ఫిజిక్స్ సెమినార్ మొదలుపెట్టారు. తన రీసెర్చ్ విద్యార్థులనే కూర్చోబెట్టి, కొత్తగా వస్తున్న పేపర్లను వాళ్ళ చేతే చెప్పించారు. అందులో అమ్మాయిలూ ఉన్నారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

ఆయనది పెద్ద ఇల్లు, పెద్ద పేరున్న కుటుంబం, విదేశీ పరిచయాలు, నాకేమున్నాయి అని అంటావు. నిజమే. మద్రాసు మీదుగా వెళ్ళే శాస్త్రవేత్తను ఇంటికి పిలవగల పలుకుబడి ఆయనకుంది. అది కాదనను. కానీ ఆ ఇంట్లో అసలు పని జరిగింది మాత్రం పలుకుబడితో కాదు. వారం వారం పేపరు చదివి, బల్ల దగ్గర నిలబడి, ప్రశ్నలకు తట్టుకున్న పిల్లల వల్ల జరిగింది. పేరున్న అతిథి ఏడాదికి ఎన్నిసార్లు వస్తాడు? మిగతా వారాలన్నీ నడిపింది వాళ్ళే. ఆ భాగానికి డబ్బు అక్కర్లేదు.

కాబట్టి మొదటి నియమం, సుద్దముక్క నీ చేతిలో ఉండకూడదు. నువ్వు లెక్చరర్‌వి, పిల్లవాడు తడబడగానే లేచి బల్ల దగ్గరికి వెళ్ళాలని చేతులు లాగుతాయి. ఆపుకో. వాడు ఆగిపోయినచోట ఆగనీ. ఒక్కోసారి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడరు, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఆ ఐదు నిమిషాల్లోనే మూల కూర్చున్న ఇంకో పిల్ల, "సర్, ఆ సైను మైనస్ కదా" అంటుంది. (నా దగ్గర సర్, నీ దగ్గర మేడమ్ అనుకో.) ఆ క్షణం నుంచి ఆ ఈక్వేషన్ ఆ ఇద్దరిదీ అయిపోతుంది. నువ్వు లేచి దిద్దేస్తే అది నీదిగానే ఉండిపోయేది. నేను ఇన్నేళ్ళు డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పాను, క్లాసులో రాని ఈ మలుపు సెమినార్‌లోనే చూశాను.

రెండోది, సిద్ధమయ్యాక చెబుతానంటే ఒప్పుకోకు. అలా అనే పిల్లలకు సిద్ధమయ్యే రోజు రాదు. మూడు పేజీలు అర్థమైతే ఆ మూడు పేజీలే చెప్పమను. నాలుగో పేజీలో ఎక్కడ ఆగిపోయాడో ఆ వరుస బల్ల మీద రాయమను. ఆ వరుస దగ్గర్నుంచి అందరూ కలిసి లాగుతారు. తెలుగులో చెప్పనీ. టెర్మ్‌లు ఇంగ్లిష్‌వి వాడుకుంటారు, వాక్యం తెలుగులో ఉంటుంది, దాంతో ఫిజిక్స్‌కి వచ్చే నష్టమేమీ లేదు. ఇంగ్లిష్ భయంతో నోరు మూసుకున్న పిల్ల తెలుగులో అడిగిన ప్రశ్నకు ఒక్కోసారి మనకే జవాబు ఉండదు. తర్వాత ఇంటర్వ్యూలకు కావలసిన ఇంగ్లిష్ వేరే రోజు, వేరేగా నేర్పుకో.

నోట్సు సంగతి మాత్రం గట్టిగా పట్టుకో. రామకృష్ణన్ గారి ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి నుంచీ అతిథి లెక్చర్లను కుర్రవాళ్ళే రాసి, మ్యాట్‌సైన్స్ (ఆ సంస్థ పొట్టి పేరు) రిపోర్ట్‌లుగా కాపీలు తీసి పంచేవారు. సింపోజియం ప్రసంగాలను అమెరికాలో ప్లీనమ్ ప్రెస్ సంపుటాలుగా వేసింది. విన్నదాన్ని ఇంకొకరు చదవగలిగేలా రాయాలంటే మధ్యలో దాటేసిన మెట్లన్నీ కట్టుకోవాల్సిందే. నీ పిల్లల్లో ఒకరు చెబితే ఇంకొకరు రాయాలి, చెప్పినవాళ్ళు దిద్దాలి, వచ్చే వారానికల్లా జిరాక్స్ కాపీ అందరి చేతిలో ఉండాలి. ఫోన్లో బల్ల ఫోటో తీసుకుంటాం మేడమ్ అంటారు. తీసుకోనీ, కానీ దాన్ని నోట్సుగా ఒప్పుకోకు.

అతిథుల విషయంలో రామకృష్ణన్ గారి ఇంటి నుంచి ఒక సంగతి చెప్పాలి. 1960 జనవరిలో, పరమాణు నమూనా ఇచ్చిన శాస్త్రవేత్త నీల్స్ బోర్ మన దేశానికి వచ్చారు. అప్పటికి ఆయనకు 74 ఏళ్ళు. మద్రాసులో ఆ ఇంటికి వెళ్ళి, ఆ పిల్లలతో మాట్లాడారు. భారతదేశంలో తనను ఆకట్టుకున్నవేమిటో చెబుతూ బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌తో పాటు మద్రాసులోని ఈ చిన్న బృందాన్ని కూడా చెప్పారు. ఒకటి ప్రభుత్వం అండతో పెరుగుతున్న పెద్ద సంస్థ, రెండోది ఒక ఇంట్లోని కుర్చీలు! తర్వాత అబ్దుస్ సలామ్, మరే గెల్‌మాన్ లాంటి పెద్ద భౌతిక శాస్త్రవేత్తలూ అక్కడ మాట్లాడారు. వాళ్ళిద్దరికీ అప్పటికింకా నోబెల్ రాలేదు. మద్రాసు రాష్ట్ర విద్యామంత్రి సి. సుబ్రహ్మణ్యం చొరవతో ఆ విద్యార్థులు ప్రధాని నెహ్రూను కలిశారు. 1962 జనవరి 3న ప్రెసిడెన్సీ కాలేజీలో ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైంది. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ ఆ సభకు వచ్చారు. రామకృష్ణన్ తన ప్రసంగానికి పెట్టుకున్న పేరు "అద్భుతం జరిగింది" అని. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. అది పైనుంచి ఊడిపడ్డ అద్భుతం కాదని అందరికన్నా బాగా తెలిసింది ఆయనకే కదా.

నీ ఇంటికి బోర్ రాడు. కానీ తిరుపతి ఐసర్ (సైన్స్ చదువులకూ పరిశోధనకూ ఉన్న కేంద్ర సంస్థ) నెల్లూరుకు దూరమేమీ కాదు, చెన్నై ఇంకో పక్క ఉండనే ఉంది. పీహెచ్‌డీ చేస్తున్న కుర్రవాళ్ళు సెలవులకు సొంతూరు వస్తారు. ఒక్కరిని పిలువు. పిలిచేటప్పుడే చెప్పు, ముందు మా పిల్లలు అరగంట చెబుతారు, మీరు వినాలి, ఆ తర్వాత మీరు చెప్పాలి అని. దండలూ శాలువాలూ పెట్టకు. భోజనం పెట్టు. తినేటప్పుడు పిల్లలు అడిగే ప్రశ్నలు బల్ల దగ్గర అడిగేవాటికన్నా బాగుంటాయి.

తల్లిదండ్రులు వచ్చి, దీనివల్ల జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్లకు పెట్టే ఎంట్రన్స్) ర్యాంకు వస్తుందా మేడమ్ అని అడుగుతారు. వాళ్ళ మీద విసుక్కోకు. ఫీజులకు అప్పులు చేసిన ఇళ్ళవి. వారంలో మిగతా రోజులన్నీ ఎంట్రన్స్‌కే చదువుతారు, ఈ ఒక్క సాయంత్రం ఇక్కడికి పంపండి అని చెప్పు. పరీక్షల నెలలో సెమినార్ ఆపెయ్యి. పరీక్షలైన తర్వాతి వారమే మళ్ళీ మొదలుపెట్టు. నెల ఆగినా ఫరవాలేదు. మళ్ళీ మొదలుపెట్టే తేదీ ముందే చెప్పకపోతే మాత్రం అది ఆగిపోయినట్టే. డబ్బు తీసుకోవద్దని వేరే చెప్పక్కర్లేదు. ఒక్క రూపాయి తీసుకున్నా ట్యూషన్ అంటారు, పిల్లలూ ట్యూషన్‌కి వచ్చినట్టే కూర్చుంటారు.

ఇంకో విషయం, నీ గురించి. రామకృష్ణన్ 1983 వరకు ఆ సంస్థకు డైరెక్టర్‌గా ఉన్నారు. బడ్జెట్లు, బిల్డింగులు, ఫైళ్ళు అన్నీ మోస్తూనే డిరాక్ మ్యాట్రిక్సులను (ఎలక్ట్రాన్‌ను వర్ణించే డిరాక్ సమీకరణంలో వచ్చే సంఖ్యల పట్టికలను) పెద్ద సైజులకు పెంచే పని చేశారు, దాన్ని పుస్తకంగా 1972లో తెచ్చారు. ఆ పని ప్రొడక్ట్ డెన్సిటీలంత దూరం పోలేదనే నా అభిప్రాయం. అయినా ఆయన లెక్క చేయడం ఆపలేదు, నాకు గౌరవం అక్కడే. 2008లో పోయేదాకా ఫిజిక్సే ఆయన లోకం. నువ్వూ పిల్లల సెమినార్ నడుపుతున్నానన్న సంతోషంలో నీ సొంత పని పక్కన పెట్టేస్తావేమోనని నా భయం. నెలకొకసారి బల్ల దగ్గర నువ్వు కూడా నిలబడాలి. తెలిసిన పాఠం చెప్పకు, నీకు ఇంకా తేలని సమస్యే చెప్పు. మేడమ్‌కి కూడా తెలియని చోటుంటుందని పిల్లలు చూడాలి.

మా ఇంట్లో పాత నల్లబల్ల ఒకటి ఖాళీగా ఉంది, ఆదివారం మీ తమ్ముడి బండి మీద పంపిస్తాను. మేకులు మీరే కొనుక్కోండి, గోడకు రెండంగుళాలవి చాలు. మొదటి వారం కాస్మిక్ జల్లే పెట్టు, సగటు దాకా ఒకరు, హెచ్చుతగ్గులు ఇంకొకరు. ఆ మూల కూర్చునే పిల్లకు రెండోది ఇవ్వు. ఎవరు ఏ రోజు చెబుతున్నారో ఖాయమయ్యాక నాకు ఫోన్ చెయ్యి, పొద్దున బస్సుకే బయల్దేరి వస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న